బావ, బ్యాటరీ, బటర్‌టబ్స్

జూన్ ఆఖరు శనివారం.

లీస్టర్ నుంచి బావ నిన్న రాత్రి దిగాడు, కారు వెనక ఎలక్ట్రిక్ సైకిల్ కట్టుకుని. వరసగా నైట్ డ్యూటీలు చేసొచ్చిన మనిషి, పొద్దెక్కేదాకా లేవడనుకున్నా. నేను కిందికి వచ్చేసరికి స్నానం కూడా అయిపోయి, అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బాని నా బ్యాగులో కుక్కుతున్నాడు. "మోటారు నాది, మోత నీది" అన్నాడు. బామ్మర్దిగా పుట్టాక తప్పుతుందా?

ఉత్తర ఇంగ్లండు డార్లింగ్టన్‌లో మా ఇంటి నుంచి హాజ్‌కి కారులో గంట పైనే. యార్క్‌షైర్ డేల్స్‌లో, వెన్స్‌లీడేల్ లోయ ఎగువన ఉన్న చిన్న ఊరు అది. ఆ లోయ పేరుతో అమ్మే చీజ్ అక్కడ తయారవుతుంది. కారు అక్కడ పెట్టి బటర్‌టబ్స్ కనుమ ఎక్కడం, అవతల స్వేల్‌డేల్ లోయలోకి దిగి నది వెంట రీత్ ఊరిదాకా పోవడం, అక్కణ్ణుంచి గ్రింటన్ మూర్ (మూర్ అంటే చెట్లు లేని కొండ బీడు) దాటి మళ్ళీ వెన్స్‌లీడేల్‌లోకి వచ్చి పడటం, ఇదీ చుట్టు. మొత్తం 60 కిలోమీటర్లు ఉంటుంది.

"అరవయ్యేనా?" అన్నాడు బావ. లీస్టర్ చుట్టుపక్కల తొక్కేవాళ్ళంతా అలాగే అంటారు. ఇక్కడ కిలోమీటర్లు చూసి లాభం లేదు, ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి సర్కారు సర్వే సంస్థ) మ్యాపులో బాణాలు చూడాలి. రోడ్డు మీద ఒక బాణం గుర్తుంటే ఏడు అడుగులు ముందుకు పోయేలోపు ఒక అడుగు పైకి లేస్తుందన్నమాట. రెండు బాణాలుంటే ఐదడుగులకే ఒక అడుగు. బాణం మొన ఎప్పుడూ పల్లం వైపే ఉంటుంది కాబట్టి, మొన మన మొహానికి ఎదురుగా ఉంటే ఆ పూట అయిపోయినట్టే.

హార్‌డ్రా దాటగానే రోడ్డు నిటారుగా లేచింది. నా సైకిల్‌కి ముందు చిన్న పళ్ళచక్రం 34 పళ్ళు, వెనక పెద్దది కూడా 34. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది. అంతకంటే తేలిక గేరు నా దగ్గర లేదు. బావ మాత్రం 250 వాట్ల మోటారు వేసుకుని, చేతులు చాచి ఫొటోలు తీసుకుంటూ, మధ్యమధ్యలో వెనక్కి తిరిగి "నీళ్ళు తాగు" అని సలహాలిస్తూ పోయాడు. పైన గాలి మొదలైన చోట గొర్రెలు రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాయి. నల్ల మొహం, తెల్ల మూతి, మెలి తిరిగిన కొమ్ములు. వీపు మీద నీలం రంగు మచ్చ, ఏ రైతువో తెలియడానికి. బెల్లు కొడితే చూశాయి. అంతే, కదల్లేదు.

2014 జూలై 5న టూర్ డి ఫ్రాన్స్ మొదటి రోజు రేసు ఈ రోడ్డు మీదే నడిచింది, లీడ్స్ నుంచి హారోగేట్‌కి. 4.5 కిలోమీటర్ల ఎక్కుడు, సగటున 6.8 శాతం వాలు. జర్మనీ రేసర్ యెన్స్ ఫోయిగ్ట్ అందరికన్నా ముందు ఈ పైకి చేరాడు. ఆ రోజు ఫొటోల్లో కొండంతా జనం, మధ్యలో సైకిల్ పట్టేంత సందు. ఈ రోజు పైన మేమిద్దరం, ఒక పోస్టు వ్యాను.

526 మీటర్ల ఎత్తున్న కొస దాటి కొంచెం దిగితే రోడ్డు పక్కనే ఆ బటర్‌టబ్స్. సున్నపురాయిలో నీళ్ళు తొలిచిన గోతులు, కొన్ని 20 మీటర్ల లోతుంటాయట. మన బెలుం గుహల్ని తొలిచింది కూడా నీళ్ళే, కాకపోతే అక్కడ అడ్డంగా, ఇక్కడ నిలువుగా. హాజ్ సంతకి వెన్న తెచ్చే రైతులు ఎండపూట ఈ గోతుల్లోకి దించి చల్లబరుచుకునేవాళ్ళని చెప్పుకుంటారు. బావ అంచు దాకా పోయి తొంగి చూశాడు. "వెన్న సరే, దించడానికి తాడెవడు మోసుకొచ్చేవాడ్రా?"

దిగుడులో మాటలు బందు. ఎక్కుడు కాళ్ళకి పని, దిగుడు మాత్రం బుర్రకి పని. బ్రేకు గట్టిగా పట్టి ఉంచితే రిమ్ము కాగిపోతుంది. పట్టి వదిలి, పట్టి వదిలి దిగాలి. మలుపు అవతల గొర్రెపిల్ల ఉందనే అనుకోవాలి. క్యాటిల్ గ్రిడ్ మీద, అంటే పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా పరిచే ఇనప కమ్మీల మీద, హ్యాండిల్ తిప్పకుండా బ్రేకు వేయకుండా సూటిగా పోవాలి. ఇన్ని చెప్పినా కింద థ్వెయిట్ ఊళ్ళో నాకంటే ముందు బావే ఉన్నాడు. ఆ బండి బరువు అలాంటిది.

థ్వెయిట్ నుంచి మ్యూకర్, గన్నర్‌సైడ్, రీత్. పొద్దుటి కష్టమంతా ఈ ముక్క కోసమే. మ్యూకర్ గడ్డిమళ్ళు ఇంకా కోయలేదు. పసుపు, ఊదా, తెలుపు పూలు గడ్డిని కనపడనీయడం లేదు. మడికొక రాతి కొట్టం, మడి చుట్టూ రాతి గోడ. గోడ దగ్గర ఆగి చూశాను. సున్నం లేదు, మట్టి లేదు. రెండు వరసల రాళ్ళు ఒకదానికొకటి వాలి ఉంటాయి. నడుమ సందులో చిన్న రాళ్ళు కూరారు. అక్కడక్కడ ఒక పొడుగు రాయి రెండు వరసల్నీ కలిపి పట్టి గోడ బయటికి చెయ్యెడు పొడుచుకొచ్చింది. ఆ రాయి లేకపోతే గోడ పొట్ట ఉబ్బి కూలుతుంది.

"ఇంత మంచి రోడ్డేసి మనుషుల్ని పెట్టడం మర్చిపోయారేంట్రా" అన్నాడు బావ.

మనుషులు లేక కాదు, ఉండేవాళ్ళు, వదిలి వెళ్ళిపోయారు. ఈ కొండల నిండా సీసం గనులుండేవి. 1880ల్లో బయటి దేశాల సీసం చౌకగా వచ్చిపడేసరికి గనులు మూతబడ్డాయి. ఇళ్ళకి తాళాలేసి కొందరు డర్హమ్ బొగ్గు గనులకి, కొందరు లాంకషైర్ మిల్లులకి, కొందరు అమెరికాకి వెళ్ళిపోయారు. అంతకు ముందు కథ ఇంకోటుంది. లోయ ఎగువన చర్చి లేని రోజుల్లో కెల్డ్ వైపు ఎవరు చచ్చిపోయినా వెదురుబుట్టలాంటి అల్లిక పెట్టెలో పెట్టి 16 మైళ్ళు గ్రింటన్ దాకా మోసుకొచ్చేవాళ్ళు. 1580లో మ్యూకర్‌లో చిన్న చర్చి కట్టాక ఆ మోత తగ్గింది. మేం హాయిగా తొక్కిన లోయ అదే. సైకిల్ వాళ్ళం ప్రశాంతత అని మురిసిపోయేది నిజానికి ఖాళీ అయిన ఊళ్ళని చూసే అని నాకెప్పుడూ అనిపిస్తుంది. అయినా మురవడం మానను.

ఇదంతా చెబితే బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా పాలమూరులో కూడా సగం ఇళ్ళు ఇట్లనే. బొంబాయి పోయినోళ్ళు పీర్ల పండుగకి తాళం తీస్తరు" అన్నాడు. ఇంగ్లండులో ఇన్నేళ్ళున్నా ఊరి మాట వస్తే భాష కూడా ఊరికి పోతుంది ఆయనకి.

రీత్‌లో ఊరి మధ్య పచ్చిక మీద పులిహోర. ఎదుటి బెంచీ మీద ముసలాయన ఆ పసుపు రంగు అన్నం ఏమిటని అడిగి, ఒక చెంచా తిని, మిరపకాయని మర్యాదగా పక్కన పెట్టాడు.

గ్రింటన్ ఎక్కుడు నాకు బటర్‌టబ్స్ కన్నా కష్టం, భోజనం తర్వాత వస్తుంది కాబట్టి. యూత్ హాస్టల్ దగ్గరి వంతెన 2019 జూలై వరదకి కొట్టుకుపోయింది. సెప్టెంబరులో ప్రపంచ సైక్లింగ్ పోటీలు ఈ దారినే పోవాలని హడావుడిగా మళ్ళీ కట్టారు. తీరా మగవాళ్ళ రేసు రోజున కుండపోత వాన, ఈ కొండలు రెండూ దారిలోంచి తీసేశారు. పైన మూర్ మీద తీతువు జాతి పిట్టలు తల మీద చక్కర్లు కొడుతూ అరిచాయి. "తీతువు కూస్తే మంచిది కాదంటరు" అన్నాడు బావ. అన్న కాసేపటికే బ్యాటరీ చివరి గీత ఎర్రబడింది.

కాసిల్ బోల్టన్ కోట (1568లో స్కాట్లండ్ రాణి మేరీని తెచ్చి పెట్టింది ఇక్కడే) పక్కనించి దిగిపోయాం. ఆయన ఆగుదామనలేదు, నేనూ అడగలేదు. కార్పర్‌బీ దాటాక మోటారు పూర్తిగా మూగబోయింది. ఆస్క్‌రిగ్ వైపు రోడ్డు చదును కాదు, చిన్న చిన్న ఎత్తుపల్లాలు. కారులో పోతే తెలియనే తెలియవు. పాతిక కిలోల బండిని బావ కిక్కురుమనకుండా తొక్కాడు. నేను పక్కనే పోతూ "నీళ్ళు తాగు బావా" అన్నాను. ఆయన చూసిన చూపు అక్కకి చెప్పాలి.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, బయట ఇంకా వెలుతురుంది. ఛార్జరు హాల్లో పెట్టి, సోఫాలో మ్యాపు పరుచుకుని, రేపు ఫ్లీట్ మాస్ కనుమ ఎక్కుదామంటున్నాడు. అది 589 మీటర్లు. మధ్యాహ్నం నుంచి వాన అంటోంది ఫోను. ఎనిమిదింటికల్లా బయల్దేరితే పోదాం, లేకపోతే ఇంట్లో దోసెలేసుకుందామన్నాను. దోసెలా అని ఆలోచనలో పడ్డాడు.