మేలారెన్ సరస్సులో పైక్ కోసం

స్వీడన్‌లోని మేలారెన్ సరస్సు మీదికి మొదటిసారి పడవ తీసిన ఎవరికైనా ఎక్కడ మొదలుపెట్టాలన్న టెన్షన్ తప్పదు. దేశంలో మూడో పెద్ద సరస్సు అది. తూర్పున స్టాక్‌హోమ్ దాకా పాకి ఉంటుంది. ఎటు చూసినా దీవులు, రెల్లు గుబుర్లు, వాటి మధ్య ఇరుకు దారులు. గాలం వేయాలనిపించే చోట్లకు లెక్కే లేదు. పైక్ అనే వేట చేప ఉండేది మాత్రం వాటిలో కొన్నిచోట్లే. అందుకే కొత్త నీళ్లలో ముందు పనికిరాని చోట్లను వదిలించుకోవాలన్నది నా పద్ధతి.

ఈ పని సగం బయల్దేరకముందే అయిపోతుంది. లోతుల మ్యాపునూ ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మ్యాపులో గీతలు దగ్గరదగ్గరగా ఉంటే అక్కడ నేల ఒక్కసారిగా దిగిపోతుందని అర్థం. రెల్లు ఎక్కడుందో చిత్రం చూపిస్తుంది. ఆ రెండూ కలిసిన చోట్లకు గుర్తులు పెట్టుకున్నాను. ఇక్కడ చేతి గాలంతో పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. స్వీడన్‌లోని అయిదు పెద్ద సరస్సుల్లో 1985 నుంచి ఇదే పద్ధతి. అయినా ఏ భాగాల్లో నిషేధం ఉందో, ఏ సైజు చేపను ఉంచుకోవచ్చో ముందే చూసుకోవాలి.

పైక్ ఎక్కడుంటుందో దాని ఒళ్లే చెబుతుంది. వీపు మీది రెక్క బాగా వెనక్కి, తోక దగ్గరికి జరిగి ఉంటుంది. ఉన్నచోటి నుంచి ఒక్క ఉదుటున దూకడానికి తగిన ఒళ్లు అది, దూరం తరమడానికి కాదు. కాబట్టి దానికి దాక్కోవడానికి చాటు కావాలి, ఎదురుగా చిన్న చేపలు తిరిగే ఖాళీ కావాలి. మొక్కలు ఆగిపోయి ఖాళీ నీరు మొదలయ్యే అంచు, మెరక ముగిసి లోతు మొదలయ్యే అంచు, ఇలాంటివే వెతుక్కోవాలి.

ఏ అంచు అన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. మంచు కరిగిన కొత్తలో పైక్ గుడ్లు పెట్టడానికి లోతులేని గడ్డి నీళ్లలోకి వస్తుంది. ఎండాకాలంలో పెద్దవి చల్లటి లోతు నీళ్లకు జరుగుతాయి. నేను వెళ్లింది సెప్టెంబర్ చివర్లో. అప్పటికే మెరకలో మొక్కలు గోధుమరంగుకు తిరిగి కుళ్లుతున్నాయి. అలాంటి చోట్ల చిన్న చేపలు నిలవవు, వాటి వెంట పైక్ కూడా వెళ్లిపోతుంది. ఇంకా పచ్చగా నిలబడిన మొక్కలు దొరికితే చాలు, పని తేలికవుతుంది.

నాతో వచ్చిన మిత్రుడు మొదటి రెల్లు గుబురు కనబడగానే, "ఇక్కడే మొదలుపెడదాం రా" అన్నాడు. కాసేపు ఆగమన్నాను. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని, లోతు చూపే యంత్రం మీద కన్నేసి నెమ్మదిగా పడవ నడిపాం. నేల మొనలా నీళ్లలోకి పొడుచుకొచ్చిన ఒకచోట పచ్చటి మొక్కలు మూడు మీటర్ల లోతు దాకా ఉన్నాయి. ఆ తర్వాత నేల ఏడు మీటర్లకు జారిపోయింది. గాలి నేరుగా ఆ ఒడ్డుకే కొడుతోంది. పైన చిన్న చేపలు చెదిరిపోవడం కూడా కనిపించింది. ఇన్ని గుర్తులు ఒకేచోట కలిస్తే ఇక ఆలోచించక్కర్లేదు.

తెలియని చోట మొదట నేను వేసేది స్పూన్, అంటే చెంచా ఆకారపు లోహపు ఎర. దూరం వెళుతుంది, తక్కువ సమయంలో ఎక్కువ నీటిని వెతికిపెడుతుంది. విసనకర్ర విప్పినట్టు ఒక పక్క నుంచి మరో పక్కకు వరసగా విసురుతూ, రీలు తిప్పేటప్పుడు మధ్యమధ్య ఆపాలి. చాలాసార్లు పైక్ పట్టుకునేది ఆ ఆగిన క్షణంలోనే. చేప వెంటపడి పడవ దాకా వచ్చి నోరు తెరవకపోతే ఎరను వెంటనే పైకి లాగేయకూడదు. రాడ్ కొసను నీళ్లలో ముంచి, ఎనిమిది అంకె ఆకారంలో పెద్ద మలుపులు తిప్పాలి. అప్పటికీ పట్టకపోతే కాస్త ఆగి, అదే చోట మెత్తటి రబ్బరు చేపను నెమ్మదిగా నడిపించాలి. మాకు మొదటి పైక్ అలాగే పడింది.

ఎరకు ముందు కనీసం 30 సెంటీమీటర్ల స్టీలు వైరు లేకుండా పైక్ జోలికి వెళ్లొద్దు. దాని పళ్లకు మామూలు దారం ఆగదు. తెగిపోతే కొక్కేలు చేప నోట్లోనే ఉండిపోతాయి. పొడవాటి ప్లయర్స్, కొక్కేలను కత్తిరించే కట్టర్, పెద్ద చేతి వల అందుబాటులో ఉండాలి. తేలిగ్గా ఊడొచ్చేలా కొక్కేల కొసల్లో ఉండే చిన్న ముళ్లను మేం ముందే నొక్కేసి పెట్టుకున్నాం. చేపను వలలోనే, నీళ్లలోనే ఉంచి కొక్కెం తీశాం. ఫొటోకి పైకెత్తినప్పుడు పొట్ట కింద రెండో చెయ్యి పెట్టాం. ఇంత బలమైన చేప కూడా సరిగ్గా పట్టుకోకపోతే లోపల దెబ్బతింటుంది. చూస్తే నాకు ప్రాణం ఒప్పదు.

ఆ తర్వాత మళ్లీ మ్యాపు తీశాం. గాలి తగిలే వైపే ఉండి, అదే లోతులో నేల జారిపోయే మొనలు ఇంకా ఎక్కడున్నాయో చూసుకుని, మిగతా నీళ్లన్నీ వదిలేసి నేరుగా వాటికే వెళ్లాం. మొక్కలు చచ్చిపోయిన మొన దగ్గర ఒక్కటీ తగల్లేదు. పచ్చగా ఉన్నచోట మాత్రం మొదటిదానికంటే పెద్ద పైక్ పడింది.