ఎప్‌సెట్, జేఈఈ, ఈసెట్: ముందు మీ కేసు ఏదో తేల్చుకోండి, తర్వాత ప్రిపరేషన్

ఖమ్మంలో పదో తరగతి వరకూ చదివి, ఇంటర్ రెండేళ్లూ విజయవాడలో చదివిన ఎంపీసీ విద్యార్థిని తీసుకోండి. తెలంగాణ ఎప్‌సెట్‌లో (రాష్ట్ర ఇంజినీరింగ్ ఎంట్రన్స్) ఇతను లోకల్. జాతీయ స్థాయి జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్‌ఐటీకి (కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీ) వెళ్తే మాత్రం ఇతని హోమ్ స్టేట్ ఆంధ్రప్రదేశ్. సరిగ్గా ఇలాగే చదివిన బైపీసీ ఫ్రెండ్ తెలంగాణలో ఎంబీబీఎస్‌కి అప్లై చేస్తే నాన్‌లోకల్. చదివిన ఊళ్లు అవే, సంవత్సరాలు అవే, రూల్సే వేరు. ఈ తేడా చాలామందికి ర్యాంకు కార్డు వచ్చాక, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

లోకల్ లెక్క ఇలా ఉంటుంది. కన్వీనర్ కోటాలో (ర్యాంకు ప్రకారం ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే సీట్లు) 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఒకే లోకల్ ఏరియాలో (సీట్ల కోసం యూనివర్సిటీల పేరుతో విభజించిన ప్రాంతం) చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఏడేళ్లు తీసుకుని, ఎక్కడ ఎక్కువ ఏళ్లు చదివితే అక్కడ లోకల్. మన ఖమ్మం కుర్రాడికి ఆరు నుంచి పది వరకు ఐదేళ్లు తెలంగాణలోనే ఉన్నాయి కాబట్టి గట్టెక్కాడు. అతను తొమ్మిదో తరగతికే విజయవాడ వెళ్లి ఉంటే నాలుగేళ్లూ అక్కడే అయ్యేవి, ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా లోకల్ అయిపోయేవాడు. తెలంగాణలో మిగిలిన 15 శాతం కూడా 2025 నుంచి అందరికీ లేదు. రాష్ట్రంలో పదేళ్లు నివాసం ఉన్నవాళ్లు, అలాంటి తల్లిదండ్రుల పిల్లలు, ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు వంటి వాళ్లకే. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో రాష్ట్రం దాటించే తల్లిదండ్రులు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఏపీలో లోపల కూడా రెండు ఏరియాలున్నాయి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం వరకు ఉన్న ఉమ్మడి జిల్లాలు ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ). నెల్లూరు, చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు ఎస్వీయూ (శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ). నెల్లూరు పిల్లలు గుంటూరులో హాస్టల్లో చేరినా ఇదే చిక్కు వస్తుంది.

ఇంకో మెలిక. మీరు రోజూ కూర్చున్న క్యాంపస్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఇంటర్ హాల్‌టికెట్ మీద ఏ కాలేజీ పేరుందో అదే లెక్క. క్లాసులు ఒక ఊళ్లో, అడ్మిషన్ ఇంకో ఊళ్లోని బ్రాంచిలో చూపించడం మనకు కొత్తేం కాదు. రెండు బ్రాంచీలు వేర్వేరు లోకల్ ఏరియాల్లో ఉంటే బోనఫైడ్ (స్టడీ సర్టిఫికెట్) అడ్మిషన్ ఉన్నచోటి నుంచే వస్తుంది. ఫస్టియర్ ఫీజు కట్టేటప్పుడే అడిగి తెలుసుకోండి. ఆరు, ఏడు తరగతులు చదివిన ప్రైవేటు స్కూలు మూతపడి ఉంటే బోనఫైడ్ కోసం ఎంఈఓ, డీఈఓ (మండల, జిల్లా విద్యాధికారి) ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఆ పని సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టండి. ఓపెన్ స్కూల్లోనో ప్రైవేటుగానో చదివినవాళ్లకు స్టడీ సర్టిఫికెట్లు ఉండవు కాబట్టి, తహసీల్దార్ ఇచ్చే ఏడేళ్ల రెసిడెన్స్ సర్టిఫికెట్ కావాలి.

ఎన్‌ఐటీల్లో ఇవేవీ చూడరు. సగం సీట్లు హోమ్ స్టేట్‌కి, మీరు పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అదే మీ హోమ్ స్టేట్. విజయవాడలో ఇంటర్ చేసిన ఖమ్మం విద్యార్థికి వరంగల్ హోమ్ కోటా పోయి తాడేపల్లిగూడెం కోటా వస్తుంది. ఇక తెలంగాణ ఎంబీబీఎస్ సంగతి: 2024లో వచ్చిన జీవోతో ఏడేళ్ల వెసులుబాటు తీసేశారు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ ఇక్కడే చదవాలి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది.

ఇప్పుడు చదువు సంగతి. రెండు ఎప్‌సెట్‌లదీ ఒకే నమూనా: 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, నెగెటివ్ మార్కులు లేవు. క్వాలిఫై అవడానికి 40 మార్కులు చాలు, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. ప్రశ్నకు దాదాపు 67 సెకన్లు. కెమిస్ట్రీని అరగంటలో ముగించి, ఫిజిక్స్‌కి 45 నిమిషాలు, మ్యాథ్స్‌కి 95 నిమిషాలు ఇచ్చి, చివరి పది నిమిషాల్లో వదిలేసినవన్నీ ఏదో ఒక ఆప్షన్ పెట్టేయడం మా దృష్టిలో మంచి పద్ధతి. జేఈఈ అలవాటుతో ఖాళీలు వదిలేసి బయటికొచ్చేవాళ్లు ప్రతి సంవత్సరం కనిపిస్తారు. నెగెటివ్ లేని పేపర్లో ఖాళీ వదలడమంటే మార్కులు వదిలేసుకోవడమే.

తేడా అంతా వెయిటేజీలో, అంటే ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకు ఇచ్చే వాటాలో. తెలంగాణలో 2023లోనే ఇంటర్ వెయిటేజీ తీసేశారు, అక్కడ ఎంట్రన్స్ మార్కే ర్యాంకు. ఏపీలో 2025లో కూడా ఎప్‌సెట్‌కి 75, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం. గ్రూపు మార్కులు 600కి లెక్కేస్తే ఎంట్రన్స్‌లో ఒక మార్కు ఇంటర్‌లో సుమారు 11 మార్కులకు సమానం. నార్మలైజేషన్ (వేర్వేరు సెషన్ల పేపర్ల కష్టాన్ని బట్టి మార్కులు సర్దడం) పక్కనపెట్టి చూద్దాం. ఒకరికి ఎప్‌సెట్‌లో 90, ఇంటర్‌లో 560. మొత్తం 65.5. ఇంకొకరికి 94, 500. మొత్తం 64.9. పరీక్షలో నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నా వెనకబడ్డారు. కాబట్టి ఏపీలో సీటు కావాలనుకునేవాళ్లు ఇంటర్ పబ్లిక్ పరీక్షల ముందు నెలన్నర ఎంట్రన్స్ మాక్‌లు తగ్గించి దీర్ఘ సమాధానాలు రాసి ప్రాక్టీసు చేయడం దండగేమీ కాదు. తెలంగాణ మాత్రమే టార్గెట్ అయితే కన్వీనర్ సీటుకు అవసరమైన గ్రూపు సబ్జెక్టుల 45 శాతం (రిజర్వుడు వర్గాలకు 40) దాటితే సరిపోతుంది. కానీ జేఈఈ కూడా రాస్తుంటే ఆ ధైర్యం పనికిరాదు. ఎన్‌ఐటీ, ఐఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65) గానీ, బోర్డులో టాప్ 20 పర్సంటైల్ గానీ ఉండి తీరాలి.

సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఓపెన్ స్కూల్ వాళ్లకు ఏపీలో ఒక పని ఎక్కువ. రాష్ట్ర ఇంటర్ బోర్డు మార్కులు కన్వీనర్‌కి నేరుగా అందుతాయి, మిగతా బోర్డులవి మనమే డిక్లరేషన్ ఫారంతో ఆన్‌లైన్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే పరీక్షలో ఎంత వచ్చినా ర్యాంకు రాదు. సిలబస్ కూడా ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎప్‌సెట్ ఇంటర్ బోర్డు పుస్తకాల మీద నడుస్తుంది, ఎన్‌సీఈఆర్‌టీలో లేని లోకస్, పెయిర్ ఆఫ్ స్ట్రెయిట్ లైన్స్, సర్కిల్స్ వ్యవస్థలు లాంటివి ఇక్కడ నేరుగా ప్రశ్నలవుతాయి. వొకేషనల్ ఇంటర్ వాళ్లు ముందుగా బ్రిడ్జ్ కోర్సు పాసవ్వాలి.

డిప్లొమా వాళ్ల దారి ఈసెట్, నేరుగా సెకండియర్‌లోకి. 200 ప్రశ్నలు, 180 నిమిషాలు: మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మీ బ్రాంచి సబ్జెక్టు 100. ప్రశ్నకు 54 సెకన్లే. పాలిటెక్నిక్ వాళ్లు కోర్ సబ్జెక్టు మీద నమ్మకంతో మ్యాథ్స్ వదిలేస్తారు, ర్యాంకు తేడా అక్కడే వస్తుంది. ఫస్టియర్‌లో చదివి మరిచిపోయిన పార్షియల్ ఫ్రాక్షన్స్, మ్యాట్రిసెస్, ట్రిగనామెట్రీ తిరగేస్తే 50లో సగం పైనే తేలిగ్గా అందుతాయి. బీఎస్సీ మ్యాథ్స్ వాళ్లకు పేపరు వేరు: మ్యాథ్స్ 100, అనలిటికల్ ఎబిలిటీ 50, ఇంగ్లిష్ 50.

లాంగ్‌టర్మ్ వాళ్లు (ఇంటర్ అయ్యాక ఏడాది ఆగి మళ్లీ ఎంట్రన్స్ రాసేవాళ్లు) సంవత్సరాలు లెక్కపెట్టుకోండి. ఐఐటీ సీటుకు రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లే, ఇంటర్ పాసైన ఏడాది, దాని తర్వాతి ఏడాది. మెయిన్‌కి మూడేళ్లు. ఎప్‌సెట్‌కి అలాంటి పరిమితి లేదు, కాబట్టి రెండో లాంగ్‌టర్మ్ తీసుకునేవాళ్లు ఐఐటీ కలను పక్కనపెట్టి ప్లాన్ చేసుకోవాలి. ఖాళీ ఏడాదికి బోనఫైడ్ అడగరు, ఆ భయం అక్కర్లేదు.

సర్టిఫికెట్ల తారీఖులు కూడా చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీలకు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు) ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. ఫిబ్రవరిలో తీసుకున్నది మార్చి 31తో పాతబడుతుంది, ఏప్రిల్ 1 తర్వాత కొత్తది తీయించండి. బీసీ వాళ్లకు ఎప్‌సెట్‌లో రాష్ట్ర కుల సర్టిఫికెట్ సరిపోతుంది గానీ, జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల) కౌన్సెలింగ్‌కి కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతది కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో లేదు. జేఈఈ ఫారంలో టిక్ పెట్టే ముందే చూసుకోండి, లేకపోతే జనరల్ ర్యాంకుతోనే సీటు వెతుక్కోవాలి. తెలంగాణ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి బీసీ, ఈబీసీల ఆదాయ పరిమితి ఊళ్లో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ జనవరి 1 తర్వాతిదై ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. వెరిఫికేషన్‌కి స్లాట్ బుక్ చేసే ముందు టెన్త్ మెమో, ఆధార్, కుల సర్టిఫికెట్ మూడింటిలోనూ ఇంటిపేరు, తండ్రి పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయో లేదో సరిపోల్చండి. తేడా ఉంటే ముందు ఆధార్ మార్పించండి, టెన్త్ మెమోలో మార్పుకి నెలలు పడుతుంది.