చేత్తో కొట్టిన అంకె

"సెన్సరు పనిచేయకపోతే లైను ఆగిపోనీ. బరువు అంకె మాత్రం నువ్వు కొట్టొద్దు."

మా సూపర్‌వైజరు ఈ మాట పదిమంది డ్రైవర్ల ముందు అన్నాడు. నేను గుంటూరులో కాటా మనిషి కొడుకుని. దొంగా అన్నట్టే తగిలింది.

ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో రాళ్ల క్వారీ మాది. లారీ కాటా ఎక్కితే ట్యాగు చదవడం, నంబరు ప్లేటు ఫోటో తీయడం అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. చక్రాలన్నీ కాటా మీదున్నాయో లేదో రెండు చివర్లా సెన్సర్లు చూస్తాయి. కాటా కింద బరువు కొలిచే లోడ్‌సెల్స్ నుంచి అంకె నేరుగా కంప్యూటర్లో పడుతుంది, ఖాళీ బరువు పోగా చీటీ వస్తుంది, గేటు లేస్తుంది. డ్రైవరు దిగే పనే లేదు. ఆ రోజు దుమ్ము పట్టి సెన్సరు మొండికేసింది. వెనక పన్నెండు లారీలు, పైన ఆ ఎండ. బరువు కనపడుతూనే ఉంది కదా అని చేత్తో కొట్టేశాను.

మిర్చి యార్డు దగ్గర మా నాన్న "క్లీనర్ దిగాడా?" అని కేకేయనిదే అంకె రాసేవాడు కాదు. ఖాళీ బండి తూకంలో వాడు కూర్చుంటే సరుకు అంత తగ్గినట్టే మరి. ఎవరికైనా అనుమానమొస్తే మళ్లీ ఎక్కించి ఊరికే తూచేవాడు. ఇక్కడి మెషీను అసలు ఎవర్నీ నమ్మదు. పైగా 20 కిలోల మెట్టున చూపిస్తుంది. కంకరకి సరే, మిర్చికైతే దాదాపు సగం టిక్కీ, అంటే సగం బస్తా! మన రైతు ఊరుకుంటాడా? (టిక్కీలు తూచేది చిన్న కాటా మీదే అనుకోండి. కోపంలో అది గుర్తు రాలేదు.)

సాయంత్రం సూపర్‌వైజరే టీ తెచ్చిచ్చాడు. "రేపు కొన్నవాడు బరువు తగ్గిందంటే చూపించడానికి ఫోటో ఉంది, టైము ఉంది. నువ్వు కొట్టినదానికి నీ మాట తప్ప ఏముంది?"

నా మాట చాలదా అని నోటిదాకా వచ్చింది. అప్పుడే గుర్తొచ్చింది. ఒకసారి ఓ రైతు నాన్న దగ్గర తూయించుకుని, అటునుంచి అటే ఇంకో కాటాకి వెళ్లాడు. రెండు చోట్లా లెక్క ఒకటే. అయినా ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. "కుదిరిందిగా" అంటుంది అమ్మ. "వెళ్లాడుగా" అంటాడు ఆయన.

మొన్న ఫోన్లో ఇదంతా చెప్తే నాన్న అడిగిందొకటే. "మరి క్లీనర్ సంగతి?"

"ప్రతి బండి పాత ఖాళీ బరువూ దాని దగ్గరుంటుంది నాన్నా. తేడా వస్తే ఆపేస్తుంది."

"అయితే నువ్వెందుకురా అక్కడ?"

సెన్సరు మీద దుమ్ము తుడవడానికి అన్నాను. నవ్వాడు. నిజానికి ఆ మధ్యాహ్నం మాట పడ్డాక నేను చేసింది అదే.