ఏడు వారాలు టబ్బుల్లో దాచిన లైవ్ రాక్

ఇల్లు మారాలని నిర్ణయమైన రోజున నాకు ముందుగా బెంగ పట్టుకున్నది చేపల గురించి కాదు, వాటి ఉప్పునీటి తొట్టెలో ఉన్న ముప్పై కిలోల లైవ్ రాక్, అంటే జీవులతో నిండిన పగడపు రాయి గురించి. మేము వెళ్లబోయే ఊళ్లోనే ఉప్పునీటి అక్వేరియం ఉన్న మిత్రుడొకరు చేపలనూ పగడాలనూ కొంతకాలం చూసిపెట్టడానికి ఒప్పుకున్నారు గానీ, అంత రాయి పెట్టుకునే చోటు ఆయన దగ్గర లేదు. ప్రయాణమే వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉంది. ఆ తరువాత కూడా తొట్టె పెట్టవలసిన గదిలో పనులు పూర్తయ్యేదాకా కనీసం ఆరు వారాలు ఆగాలి.

ఆరబెట్టి పంపించి, అక్కడ మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోమని కొందరు సలహా ఇచ్చారు. నాకు అది మనస్కరించలేదు. రాయి అని పిలుస్తాం గానీ, అది చనిపోయిన పగడాలు వదిలిపోయిన కాల్షియం కార్బొనేట్ గూడు. దాని నిండా సన్నని రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల గోడలను అంటిపెట్టుకున్న బాక్టీరియా, చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమోనియాను నైట్రైట్‌గానూ, దానిని నైట్రేట్‌గానూ మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి భాగాల్లో ఉండే మరో రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌లో కొంత భాగాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపుతుంది. రాయి పైన ఊదారంగు కోరలైన్ నాచు, అడుగున స్పాంజ్‌లు, సందుల్లో పురుగులు, కోపీపాడ్‌లు అనే రొయ్యల కోవకు చెందిన అతి చిన్న జీవులు ఉంటాయి. ఎండబెడితే ఇవన్నీ చచ్చి, తిరిగి నీళ్లలో వేసినప్పుడు అక్కడే కుళ్లి అమోనియాను విడుదల చేస్తాయి. ఏళ్ల తరబడి స్థిరపడిన ఆ జీవాన్ని చేతులారా చంపుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

మొదట రాళ్లను నీళ్లతో సహా మూతలున్న బకెట్లలో పంపుదామనుకున్నాను. ఇరవై లీటర్ల ఉప్పునీరే ఇరవై కిలోలు దాటుతుందన్న సంగతి అటుంచితే, నన్ను వెనక్కి లాగింది ఆక్సిజన్ లెక్క. కదలిక లేని కొద్దిపాటి నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను రాయిలోని జీవులు త్వరగానే వాడేస్తాయి. తడిగా చుట్టి గాలిలో ఉంచిన రాయికి ఆ ఇబ్బంది లేదు. అందుకని రాళ్లను ఒక్కొక్కటిగా తీసి, తొట్టె నీటిలోనే తడిపిన పాత వార్తాపత్రికలలో రెండు మూడు పొరలుగా చుట్టి, వేడి తగలకుండా థర్మోకోల్ పెట్టెల్లో సర్దాను. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక కడగడానికి గానీ తడపడానికి గానీ ఆ నీటిని వాడలేదు. స్పాంజ్‌లు గాలి తగిలితే తట్టుకోలేవు కాబట్టి, అవి కనబడిన మూడు రాళ్లను మాత్రం బ్యాటరీ ఎయిర్ పంప్ పెట్టిన బకెట్‌లో నీటిలోనే ఉంచాను. అడుగున పేరుకున్న పాత ఇసుకను వెంట తీసుకుపోలేదు. కదిపితే అందులోని మురికి అంతా పైకి లేస్తుంది.

ఒక రాయి మీద జోయాంథిడ్‌ల (పగడాలకు దగ్గరి బంధువులైన మెత్తటి జీవుల) చిన్న గుంపు ఉంది. ఈ జాతిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి గీసుకున్న గాయం ద్వారా అయినా, కంట్లో పడిన చుక్క ద్వారా అయినా అది ప్రమాదమే. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఆ పనికి దిగవద్దని మరీ మరీ చెబుతున్నాను. శుభ్రం చేద్దామని లైవ్ రాక్‌ను మరిగించడం ఇంకా ప్రమాదకరం, ఆ ఆవిరి పీల్చినవాళ్లు ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

మిత్రుడు ముందురోజే మా కొత్త ఇంట్లో ఉప్పునీరు కలిపి, రెండు పెద్ద ప్లాస్టిక్ టబ్బులలో పంపులు నడిపి ఉంచడం వల్ల, చేరిన గంటలోపే రాళ్లన్నీ నీటిలోకి వెళ్లాయి. ప్రతి టబ్బులోనూ నీటిని కదిలించే పవర్‌హెడ్ పంపు ఒకటి, 25 డిగ్రీల దగ్గర పెట్టిన హీటర్ ఉన్నాయి, ఉప్పు లీటరుకు 35 గ్రాములు. నీరు ఆవిరైనా ఉప్పు అందులోనే ఉండిపోతుంది కాబట్టి, టబ్బు గోడకు టేపు అంటించి, మట్టం తగ్గినప్పుడల్లా ఆ గీత వరకు ఆర్ఓ మంచినీరే పోశాను. లైటు పెట్టలేదు, బాక్టీరియాకు వెలుతురుతో పని లేదు. నాలుగైదు రోజులకొకసారి చిటికెడు చేపల మేత నలిపి వేసేవాణ్ణి. అమోనియా బొత్తిగా అందకపోతే దాని మీద బతికే బాక్టీరియా క్రమంగా తగ్గిపోతుంది.

తొమ్మిదో రోజు ఉదయం తలుపు తీయగానే కుళ్లిన వాసన కొట్టింది. మొదటి టబ్బులో నీరు పాలిపోయినట్లుంది, అమోనియా పరీక్ష 2 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో రెండు) చూపించింది. రాళ్లను ఒక్కొక్కటిగా తిప్పి చూస్తే, అన్నిటికన్నా పెద్ద రాయి అడుగున, నేను ప్యాకింగ్ రోజున సరిగా చూడని ఒక గుంటలో, అరచేయంత స్పాంజ్ బూడిదరంగుకు తిరిగి, తెల్లటి జిగట పొరతో కప్పబడి ఉంది. ముట్టుకుంటే వేళ్ల మధ్య చితికిపోయింది. పెట్టెలో గాలికి చచ్చి, టబ్బులో కుళ్లిందన్న మాట. ఆ రాయిని విడిగా ఉప్పునీటి బకెట్‌లో పెట్టి, పాత టూత్‌బ్రష్‌తో గుంటంతా గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పోయిందని నిశ్చయం చేసుకున్నాను. కానీ టబ్బు నీరు మార్చడానికి కలిపిన ఉప్పునీరు సిద్ధంగా లేదు. కలిపి, వేడి చేసి, ఉప్పు పూర్తిగా కరిగేదాకా ఆగడంలో సగం రోజు గడిచిపోయింది. ఆ సాయంత్రం సగానికి పైగా నీరు మార్చాను, మరునాడు ఇంకోసారి మార్చాను. వాసన వచ్చిన నాటి నుంచి అయిదో రోజుకు అమోనియా సున్నాకు వచ్చింది. రెండో టబ్బులోని రాళ్లకు ఏమీ కాలేదు, రాళ్లను రెండుగా విడదీసి ఉంచడం నేను చేసిన పనులన్నిటిలోకీ మంచిదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆనాటి నుంచి ఒక టబ్బుకు సరిపడా ఉప్పునీరు ఎప్పుడూ కలిపి ఉంచాను.

మిగిలిన వారాలు నిశ్శబ్దంగా గడిచాయి. నైట్రేట్ 40 పీపీఎమ్ దాటినప్పుడు ఒకసారి నీరు మార్చాను. చీకటిలో ఊదారంగు నాచు పాలిపోయి, అక్కడక్కడ తెల్లబడింది.

ఏడో వారం చివర తొట్టె సిద్ధమయ్యాక, ప్రతి రాయినీ ఉప్పునీటి బకెట్‌లో ముంచి ఆడిస్తే గోధుమరంగు మడ్డి రాలింది. రాళ్లు పేర్చాక, బాక్టీరియా నిజంగా బతికి ఉందో లేదో తేల్చుకోవడానికి అమోనియం క్లోరైడ్‌తో అమోనియాను 1 పీపీఎమ్‌కు తెచ్చి, ఇరవైనాలుగు గంటల తరువాత పరీక్షించాను. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా. ఆ రాత్రి టార్చి వేసి చూస్తే, నేను గీకి శుభ్రం చేసిన ఆ గుంట పక్క రంధ్రం నుంచి నక్షత్రచేపను పోలిన ఒక చిన్న బ్రిటిల్ స్టార్ రెండు చేతులు బయటికి చాచి ఉంది. మిత్రుడి దగ్గర నుంచి మొదట రెండు క్లౌన్ చేపలనే తెచ్చుకున్నాను. పది రోజులు వరుసగా అమోనియా సున్నా దగ్గరే నిలిచాక, మిగిలినవాటిని పిలిపించుకున్నాను.