ఆటలో కుక్క తుమ్మితే అది జలుబేనా?

ఆడుతూ ఆడుతూ కుక్క తుమ్మగానే జలుబు చేసిందని కంగారు పడేవాళ్లు చాలామంది. ముందు ఆ తుమ్ము ఎక్కణ్నుంచి వస్తోందో వినండి. దుమ్ము పోయినప్పుడు వచ్చే తుమ్ము ఛాతీలోంచి తన్నుకొస్తుంది. ముందు గట్టిగా గాలి పీల్చుకుంటుంది, ఒళ్లంతా అదురుతుంది, తర్వాత తడిసిన ముక్కును నాలుకతో నాక్కుంటుంది. ఆట తుమ్ము అలా ఉండదు. పొట్టిగా, పొడిగా, ముక్కు కొసలోంచి చీదినట్టు వస్తుంది. వరసగా మూడు నాలుగు వచ్చినా ఆట మాత్రం ఆగదు.

దీనికి కారణం కొంత ముక్కులో ఉంది, కొంత మర్యాదలో ఉంది. ఉత్తుత్తి కాట్లు వేసేటప్పుడు కుక్క పై పెదవి ఎత్తి, మూతి మీద చర్మం ముడతలు పెడుతుంది. ఆ కదలిక ముక్కు లోపల గిలి పుట్టిస్తుందని పెంపకందారులూ ట్రైనర్లూ చెప్పే మాట. వెల్లకిలా పడి దొర్లేటప్పుడూ, మూతి చాపకు రాసేటప్పుడూ తుమ్ములు ఎక్కువవడం మీరే గమనించవచ్చు. ఇక మర్యాద సంగతి. గుర్రుమనడం, మెడ పట్టుకోవడం, వెంటపడటం... పైకి ఇవన్నీ కొట్లాటలాగే ఉంటాయి. అందుకే ‘ఇది ఆటే’ అని కుక్కలు మధ్యమధ్యలో ఒకదానికొకటి గుర్తు చేసుకుంటాయి. ముందుకాళ్లు నేలకు ఆనించి వెనక భాగం పైకెత్తే భంగిమ అలాంటిదే. గట్టిగా తల విదిలిస్తూ కరిచే ముందో, కరిచిన వెంటనేనో ఈ భంగిమ ఎక్కువగా కనిపిస్తుందని మార్క్ బెకాఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1995లో రాశారు. ఆట మరీ వేడెక్కిన చోట వచ్చే తుమ్మునూ ఇదే కోవలో చూస్తారు.

తుమ్ముతో మాట్లాడుకోవడం కుక్కజాతికి కొత్తేమీ కాదు. బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టాలో ఆఫ్రికా అడవికుక్కల మీద చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. వేటకు కదిలే ముందు గుంపంతా ఒకచోట చేరుతుంది. ఎన్ని తుమ్ములు పడితే గుంపు బయల్దేరే అవకాశం అంత ఎక్కువ. పెత్తనం చేసే జంట ముందుపడితే మూడు తుమ్ములు చాలు, కింది కుక్క ముందుపడితే దాదాపు పది కావాలి. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే మనం కాసేపు కూర్చుంటాం. అవేమో తుమ్ములు చాలక ఆగిపోతాయి! అయితే అడవికుక్క మన పెంపుడు కుక్కకు పూర్వీకురాలు కాదు, దూరపు చుట్టం మాత్రమే. హాల్లో తుమ్మిన పగ్ కూడా ఓటు వేస్తోందని అనుకోకూడదు.

అనుమానం వస్తే ఆట ఆపేయండి. బొమ్మ దాచేసి, చేతులు కట్టుకుని అర నిమిషం కదలకుండా నిలబడండి. ఆట తుమ్ములైతే ఆటతో పాటే ఆగిపోతాయి. ఒళ్లు వదులుగా, నోరు తెరిచి, నడుముతో సహా తోక ఊపుతుంటే మళ్లీ మొదలుపెట్టవచ్చు. తోక ముడిచి, మొహం పక్కకు తిప్పుకుని, పెదవులు నాక్కుంటూ తుమ్మితే దానికి చాలించాలని ఉంది. పిల్లల్ని పక్కకు పిలవండి. రెండు కుక్కలు ఆడుతుంటే పెద్దదాన్ని పట్టుకుని చిన్నదాన్ని వదిలేయండి. చిన్నది తనంతట తాను తిరిగొస్తే ఆట ఇద్దరికీ ఇష్టమే. నున్నటి టైల్స్ మీద గట్టిగా తుమ్మే కుక్కకు గడ్డం నేలకు తగిలే ప్రమాదం ఉంది, కింద మ్యాట్ వేయండి. సాయంత్రం అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చక్రం వెలిగించిన గదిలోనూ, ఫినాయిల్ తడి ఆరని నేల మీదా ఆడిస్తే తుమ్మని కుక్క ఉండదు. దాన్ని ఆట ఖాతాలో వేయకండి.

రివర్స్ స్నీజింగ్ వేరు. అందులో గాలి బయటికి రాదు, గురకలాంటి చప్పుడుతో లోపలికి పోతుంది. మెడ చాచి, మోచేతులు బయటికి పెట్టి నిలబడి ఊపిరాడనట్టు చేస్తుంది. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది కానీ సాధారణంగా నిమిషంలోపు దానంతట అదే తగ్గుతుంది. గొంతు కింద మెల్లగా నిమరండి, మింగిందంటే చాలావరకు ఆగిపోతుంది. పగ్, షిజూ లాంటి పొట్టి మూతి కుక్కల్లో ఇది ఎక్కువ. చిగుళ్లు నీలంగా మారినా, కుక్క కూలబడినా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

అసలు భయపడాల్సింది ఒకే ముక్కు రంధ్రం గురించి. ఎండుగడ్డిలో తిరిగొచ్చిన కుక్క ఉన్నట్టుండి ఆపకుండా తుమ్ముతూ, ముందుకాలితో మూతి గీరుకుంటుంటే గడ్డి గింజ ముల్లు లోపలికి దూరి ఉండొచ్చు. ఆ ముళ్లకు వెనక్కి వంగిన నూగు ఉంటుంది కాబట్టి లోపలికే జరుగుతాయి. ఇంట్లో పట్టకారు పెట్టి వెతికితే ఇంకా లోపలికి పోతుంది. చల్లటి స్టీలు పళ్లెం ముక్కుకు దగ్గరగా పెట్టి చూడండి. రెండు రంధ్రాల నుంచీ రెండు ఆవిరి మచ్చలు పడాలి. ఒకటే పడితే రెండోది పూడుకుపోయినట్టే. వయసు మీరిన కుక్కలో ఒక పక్క నుంచే చీము కారుతుంటే పై కోరపన్ను వేరు కుళ్లిందేమో, లోపల గడ్డ ఉందేమో చూపించాలి. ముక్కులోంచి నెత్తురు వస్తే పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరాన్ని మన ప్రాంతంలో ముందుగా అనుమానిస్తారు, ప్లేట్‌లెట్లు చూడటానికి రక్తపరీక్ష చేస్తారు. టీకాలు పూర్తికాని కూనకు తుమ్ములతో పాటు కళ్లలో పుసి, జ్వరం ఉంటే అదే రోజు తీసుకెళ్లండి, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావచ్చు.

వెళ్లే ముందు తుమ్మేటప్పుడు పక్క నుంచి ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. ఆసుపత్రి బల్ల మీద ఒక్క తుమ్మూ తుమ్మదు. మనం వాడే జైలోమెటాజొలిన్, ఆక్సీమెటాజొలిన్ ముక్కు చుక్కలు మాత్రం ఒక్క బొట్టు కూడా వేయకండి, కుక్కలకు అవి విషం.