నాలుగు గీతలు, కాస్త ఊపిరి

ఆందోళన ముంచుకొస్తే ముందుగా నా వేళ్లు చల్లబడతాయి. ఆ తర్వాత ఏ పనీ తోచదు. "ఏమీ ఆలోచించకు" అని ఎవరైనా అంటే అది ఇంకా పెరుగుతుంది. ఈ మధ్య అలాంటప్పుడు కాగితం, పెన్సిలు అందుకుంటున్నాను.

ఎడమ చేతిని బల్ల మీద పెట్టి, కాగితం వైపు చూడకుండా, ఆ చేతి అంచు వెంట కళ్లను చీమ నడకలా నడిపిస్తాను. కన్ను ఎంత కదిలితే పెన్సిలూ అంతే కదలాలి. బొటనవేలి గోరు పక్కన చర్మం మడత, కణుపుల మీద ముడతలు, కాస్త లోపలికి వంగిన చిటికెన వేలు... ఇన్నేళ్లూ వీటిని సరిగ్గా చూడనేలేదు! కాగితం మీద పడేది చేతిలా ఉండదు. ఉండనక్కర్లేదు కూడా.

అదీ కుదరనంత కంగారుగా ఉంటే అడ్డగీతలు చాలు. ఊపిరి వదులుతూ ఒక గీత, పీల్చేటప్పుడు పెన్సిలు ఎత్తడం. మొదట్లో గీతలు వణుకుతాయి. పేజీ కిందికి వచ్చేసరికి గీతా సాగుతుంది, ఊపిరీ సాగుతుంది.

2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 39 మందికి మార్కర్లు, బంకమట్టి వంటివి ఇచ్చి, 45 నిమిషాలు నచ్చింది చేయమన్నారు. దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. కళలో మునుపటి అనుభవం ఉన్నా లేకపోయినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

చికిత్స అవసరమైతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కానీ "నాకు బొమ్మలు రావు" అన్న ఒక్క కారణంతో మాత్రం దీన్ని దయచేసి పక్కన పెట్టకండి.