పిల్లల ఒళ్ళో కుదురుగా కూర్చునే కోడి

పశ్చిమ గోదావరిలో పెరిగినవాళ్ళకి కోడిని ఎంచడం ఎవరూ నేర్పక్కర్లేదు. పుంజు కనబడితే చాలు, డేగా, కాకా, నెమలా, పర్లా అని రంగు చెప్పేస్తాం. కాళ్ళు, మెడ, చూపు చూసి దాని సత్తా అంచనా కట్టే పెద్దవాళ్ళు వీధికొకరు ఉంటారు. పెట్ట అయితే గుడ్లు బాగా పెడుతుందా, పొదగడానికి నిలకడగా కూర్చుంటుందా, గద్ద వస్తే పిల్లల్ని కాచుకుంటుందా అని చూస్తారు. చిన్నపిల్లలు ఎత్తుకుంటే ఊరుకుంటుందా అని అడిగి కోడిని కొన్నవాళ్ళని మాత్రం నేను మా ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు. మా పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న అదే.

మేం ఉండేది నార్త్ కరొలైనాలో. కేరీలో కొన్నేళ్ళు అపార్ట్‌మెంట్‌లో ఉండి, పడమటి వైపు చాతమ్ కౌంటీలో చిన్న పొలం కొనుక్కుని మారాం. ఎర్రమట్టి, పైన్ చెట్లు, ఓ పాత షెడ్డు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఆరు. కోళ్ళు కొందామని ముందు అన్నది మా ఆయనే. గుడ్ల కోసమని ఆయన అనుకున్నారు, పిల్లలేమో అప్పటికే వాటికి పేర్లు వెతుకుతున్నారు.

గుడ్లే కావాలంటే లెగ్‌హార్న్‌ని మించింది లేదు. ఏడాదికి 280 దాకా తెల్ల గుడ్లు పెడుతుంది, తిండి తక్కువ. కానీ మనిషి దగ్గరికొస్తే చాలు, కెక్కెక్కె అంటూ ఎగిరిపోతుంది. రోడ్ ఐలాండ్ రెడ్ గట్టి కోడి, గుడ్లకీ లోటుండదు, కాకపోతే మందలో పెత్తనం తనదే కావాలంటుంది. మెతక కోళ్ళని పొడిచి మేత దగ్గరికి రానివ్వదు. పిల్లలున్న ఇంట్లో కోడి స్వభావం ముందు, గుడ్ల లెక్క తర్వాత అని నేను గట్టిగా చెప్పాను. ఇప్పటికీ ఎవరడిగినా అదే చెప్తాను.

అలా చివరికి మిగిలినవి మూడు. బఫ్ ఆర్పింగ్టన్‌ది పండిన గోధుమ రంగు, ఒళ్ళంతా దళసరి ఈకలు. ఆర్పింగ్టన్ జాతిని 1880ల్లో ఇంగ్లండ్‌లోని కెంట్‌లో విలియం కుక్ తయారుచేశాడు. ఎత్తుకుంటే బరువుగా, వెచ్చగా చేతుల్లో అలాగే ఉండిపోతుంది. లైట్ బ్రహ్మ ఇంకా పెద్దది, కాలి వేళ్ళ దాకా ఈకలే. షాంఘై నుంచి ఓడల్లో తెచ్చిన కోళ్ళ సంతతి నుంచి అమెరికాలో రూపుదిద్దుకున్న జాతి. అంత ఆకారం ఉండీ దేని జోలికీ పోదు. మూడోది సిల్కీ.

సిల్కీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. దాని ఈకలు మామూలు కోడి ఈకల్లా అంటిపెట్టుకుని ఉండవు, బొచ్చులా విచ్చుకుని ఉంటాయి. అందుకే ఎగరలేదు, వానలో ఇట్టే తడిసిపోతుంది. మామూలు కోడికి కాలికి నాలుగు వేళ్ళు, దీనికి ఐదు. మా అమ్మాయి తెల్ల సిల్కీని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని లెక్కపెట్టింది. తర్వాత రొమ్ము మీద బొచ్చు విడదీసి చూసి కెవ్వుమంది. లోపల చర్మం నేరేడుపండులా నీలం కలిసిన నలుపు. దెబ్బ తగిలిందేమోనని ఏడుపు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతంలో కడక్‌నాథ్ అనే కోడి ఉంది, దానిదీ నల్ల చర్మమే, మాంసం కూడా నలుపే అని చెప్తే కాస్త కుదుటపడింది.

కోడిపిల్లలు ఇక్కడ పోస్టులో వస్తాయంటే మా అమ్మ నమ్మలేదు. 1918 నుంచీ అమెరికా తపాలా శాఖ ఒక్కరోజు వయసున్న కోడిపిల్లల్ని తీసుకెళ్తోంది. గుడ్డులోంచి బయటికి వచ్చే ముందు పిల్ల పచ్చసొనని కడుపులోకి లాక్కుంటుంది, ఆ బలంతో మూడు రోజుల దాకా మేతా నీళ్ళూ లేకుండా బతకగలదు. తెల్లారకుండానే పోస్టాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వెనకాల కిచకిచలే తప్ప పోస్టాఫీసు ఆవిడ మాటలు సరిగ్గా వినపడలేదు. మొదటి వారం కోడిపిల్లలకి వెచ్చదనమిచ్చే దీపం కింద 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 35, ఉండాలి. తర్వాత వారానికి ఐదేసి ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి.

ఇదంతా వీడియో కాల్‌లో చూసి అమ్మ అంది, "దీపమెందుకే, పెట్ట లేదా?"

మరుసటి ఏడాది ఎండాకాలం ముందు అమ్మ వచ్చింది. అంతకుముందు ఆవిడకీ పిల్లలకీ మధ్య ఫోన్లో మాటలు "తిన్నావా నాన్నా", "తిన్నాను అమ్మమ్మా" దగ్గరే ఆగిపోయేవి. ప్రేమ లేక కాదు, మాట్లాడుకోవడానికి ఇద్దరికీ తెలిసిన సంగతి ఒక్కటీ లేక. ఇక్కడికి వచ్చిన మర్నాడే అమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని కోళ్ళ షెడ్డులోకి వెళ్ళింది. సిల్కీ గూట్లోంచి లేవకుండా, చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమంటోంది. మా అబ్బాయి జబ్బు చేసిందనుకున్నాడు. "జబ్బు కాదురా నాన్నా, పొదగడానికి కూర్చుంది" అని అమ్మ వాడి చెయ్యి పట్టుకుని దాని పొట్ట కింద పెట్టింది. అక్కడ ఈకలు రాలిపోయి చర్మం కాలిపోతోంది. గుడ్లకి వేడి నేరుగా తగలాలని కోడి ఒళ్ళు చేసుకునే ఏర్పాటది.

అప్పటికే మేం కొత్త కోడిపిల్లల కోసం చెప్పి ఉన్నాం. వచ్చాక అమ్మ వాటిని దీపం కింద పెట్టనివ్వలేదు. చీకటిపడ్డాక టార్చి కూడా వద్దని, తను ముందు, పిల్లలిద్దరూ వెనక వెళ్ళారు. సిల్కీ కింద మేం ఉంచిన ఉత్తుత్తి గుడ్లు ఒక్కొక్కటీ తీస్తూ, ఆ చోట ఒక్కో పిల్లని జార్చింది. పగలైతే పెట్ట కొత్త పిల్లల్ని చూసి పొడవచ్చు. రాత్రి కిందికి చేరితే తెల్లారేసరికి తన పిల్లలే అనుకుంటుంది. మర్నాడు పొద్దున్న సిల్కీ టుక్ టుక్ అని పిలుస్తూ వాటికి మేత చూపిస్తుంటే మా అమ్మాయి అమ్మమ్మని వదల్లేదు. గద్ద వస్తే ఏం చేస్తుంది, గంప ఎందుకు మూస్తారు, తవుడు అంటే ఏంటి, అన్నీ తెలుగులోనే. శనివారం తెలుగు క్లాసుల్లో కూర్చోబెట్టినా నోరు విప్పని పిల్ల.

కూర సంగతి దాచొద్దని మొదటినుంచీ నా పట్టు. ఇక్కడి స్నేహితుల్లో కొందరు, పెంపుడు కోళ్ళున్నాక పిల్లల ముందు చికెన్ మాటే ఎత్తకూడదన్నారు. నాకది నచ్చలేదు. "ఇది కూడా మన కోడి బంగారం లాంటిదేనా?" అని మా అబ్బాయి కంచం ముందు అడిగితే, అవును, కోడే అని చెప్పాను. ఇంటి కోళ్ళని తినం, బయట కొన్నది తింటాం, తినాలనిపించకపోతే ఎవరూ బలవంతం చెయ్యరు అని చెప్పాను. వాడు కాసేపు పప్పన్నం తిన్నాడు. కొన్ని వారాలకి మళ్ళీ కూర అడిగాడు. మా అమ్మాయి మానేసింది, ఇప్పటికీ తినదు. ఇద్దరిదీ సరైన పనే అంటాను నేను. అమ్మ అయితే, "మేం పెంచిన చేత్తోనే కోసుకునేవాళ్ళం, అందుకే ఒక్క ముక్క పారేసేవాళ్ళం కాదు" అని మనవరాలికి మామూలు గొంతుతో చెప్పింది. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది గానీ అమ్మమ్మ పక్కనుంచి లేవలేదు.

సంక్రాంతికి ఊరి నుంచి వీడియోలు వచ్చినప్పుడు అంతకన్నా కష్టమైన ప్రశ్న వచ్చింది. కాళ్ళకి కత్తి కట్టిన పుంజులు. "అమ్మా, మన ఊరివాళ్ళు చెడ్డవాళ్ళా?" అంది మా అమ్మాయి. మా చిన్నప్పుడు పుంజుకి బాదంపప్పులు నానబెట్టి తినిపించడం, చెరువులో ఈదించడం, ఒళ్ళు పట్టడం చూశాను. మనిషి తిన్నా తినకపోయినా పుంజుకి మేత తప్పేది కాదు. ఆ చేతులే కత్తి కడతాయి. రెండూ చెప్పాను. కత్తి కట్టడం తప్పని నా అభిప్రాయం, అదీ చెప్పాను. ఇక్కడ 50 రాష్ట్రాల్లోనూ పందేలు నేరమని, మన దగ్గరా చట్టం ఒప్పుకోదని చెప్పాను.

ఆ పుంజులది అసీల్ జాతి. ఒకదాన్నొకటి చంపుకునేంత పౌరుషం ఉన్నా, పెంచిన మనిషి చేతిలో గువ్వలా ఉంటుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌కి వెళ్ళిన అసీల్ కోళ్ళని అక్కడి కోళ్ళతో కలిపితే కార్నిష్ జాతి పుట్టింది. కార్నిష్‌ని ప్లిమత్ రాక్ అనే అమెరికా జాతితో కలిపితే వచ్చిందే ఇవాళ్టి బ్రాయిలర్. మా దారిలో కనిపించే పొడవాటి కోళ్ళ షెడ్లలో ఉన్నవాటిలోనూ మన నేల మీది కోడి రక్తం ఉందని తెలిసినప్పటినుంచి, కారు అటు వెళ్తే మా అమ్మాయి అద్దంలోంచి చూస్తూనే ఉంటుంది.

మనలాంటివాళ్ళు ఎవరైనా మొదలుపెడుతుంటే కొన్ని మాటలు. సిల్కీల్లో ఆడా మగా ఐదారు నెలల దాకా తేలదు కాబట్టి, పుంజులు ఎక్కువైతే ఏం చెయ్యాలో కొనకముందే పిల్లలతో కూర్చుని మాట్లాడుకోండి. మా ఇంట్లో ఒక్క పుంజు ఉంటుంది, మిగతావి పక్క రైతుకి వెళ్తాయి, ఆయన తినొచ్చు కూడా అని మేం ముందే చెప్పాం. సిల్కీకి తల మీద జుట్టు కళ్ళకి అడ్డం వస్తుంది, పైనుంచి వచ్చే గద్ద కనబడదు. పైన వల తప్పదు. కోళ్ళని ఎత్తుకుపోయే రాకూన్ అనే ఇక్కడి అడవి జంతువుకి మామూలు కోళ్ళ జాలీ లెక్కే కాదు, మందపాటి ఇనుప జాలీ వెయ్యండి. ఆర్పింగ్టన్, బ్రహ్మ చలికి తట్టుకుంటాయి, మా జులై ఎండకి మాత్రం రెక్కలు విడదీసి రొప్పుతాయి. నీడ, చల్లటి నీళ్ళు, పుచ్చకాయ ముక్కలు ఉండాలి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు పెట్టకూడదు, ఐదేళ్ళలోపు పిల్లలకి చేతికివ్వకూడదు. కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బాక్టీరియా చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న కోడిలోనూ ఉండొచ్చు. 2022 నుంచి బర్డ్ ఫ్లూ ఇక్కడ వస్తూ పోతూ ఉంది కాబట్టి అడవి బాతులు వాలే చోట మేత పెట్టం.

ఈ వసంతానికి మా అబ్బాయి నీలం గుడ్లు పెట్టే ఈస్టర్ ఎగ్గర్ కావాలన్నాడు, సరేనన్నాం. మా అమ్మాయికి అసీల్ కావాలి. పిల్లలుగా ఉన్నప్పుడే తన్నుకునే జాతి, సిల్కీలతో కలిపి ఉంచలేం, గుడ్లూ తక్కువే. వేరే గూడు, వేరే ఆవరణ కట్టాలి. మా ఆయన షెడ్డు పక్కన కొలతలు తీసుకున్నారు. అమ్మ మాత్రం ఫోన్లో ఒకటే మాట, ముందు ఒక్క పెట్టనే తెచ్చుకోండి, పుంజు సంగతి తర్వాత అని.